మర్యాద చాటున చిరాకు

సైబరాబాద్ ఐటీ కారిడార్‌లో జపనీస్ నేర్చుకునే తెలుగువారికి పాఠ్యపుస్తకాలు చెప్పని అధ్యాయం

ఒక పరాయి భాషలో కృతజ్ఞత చెప్పడం, క్షమాపణ కోరడం, దారి అడగడం మొదటి నెలల్లోనే పట్టుబడతాయి గానీ, అదే భాషలో ఎదుటివారికి విసుగు పుట్టిందని పసిగట్టడం, తన విసుగును ఎదుటివారు నొచ్చుకోకుండా తెలియజేయడం ఏళ్లు గడిచినా కొరుకుడుపడవు. జపనీస్ విషయంలో ఈ మాట మరింత నిజం. జపనీయులు కోపాన్ని దాచుకుంటారని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడింది. కానీ వారి భాష కోపాన్ని దాచదు. తిట్టు మాటల్లో కాకుండా క్రియ చివర చేరే ప్రత్యయాల్లో, సగంలో ఆపేసిన వాక్యంలో, ఉన్నట్టుండి పెరిగిన మర్యాదలో దాన్ని ఉంచుతుంది. చూడవలసిన చోట చూడనివారికి అది లేనట్టే కనిపిస్తుంది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కార్యాలయాల్లో జపాన్ ఖాతాదారులతో పనిచేసే తెలుగు ఇంజనీర్లు తరచూ తడబడేది ఇక్కడే. ఆ తడబాటుకు ప్రధాన కారణం జపనీస్ కష్టమైన భాష కావడం కాదు. ఆ భాషను ఇంగ్లీషు మీదుగా చేరుకోవడమే అసలు కారణం.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి హైటెక్ సిటీ ప్రధానంగా అమెరికా వైపు చూస్తూ పెరిగింది. పనివేళలు, ఈమెయిళ్ల తీరు, సమావేశాల మర్యాదలతోపాటు అసంతృప్తిని వ్యక్తం చేసే పదజాలం కూడా అక్కడి నుంచే వచ్చింది. పై అధికారికి ఫిర్యాదు చేయడాన్ని ‘ఎస్కలేషన్’ అని, ఆలస్యాన్ని గుర్తుచేయడాన్ని ‘జెంటిల్ రిమైండర్’ అని ఇక్కడి ఉద్యోగులు తెలుగు మాటల్లాగే వాడుకుంటున్నారు. జపాన్ సంబంధం తర్వాతి కాలంలో బలపడింది. టోక్యోకు చెందిన ఎన్‌టీటీ డేటా 2010లో, హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమున్న ఇంటెలిగ్రూప్ సంస్థను కొనుగోలు చేసింది. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్‌కు సంగారెడ్డి జిల్లా కందిలో శాశ్వత ప్రాంగణం నిర్మించడానికి జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ ‘జైకా’ రుణం ఇచ్చింది. అదే ప్రాంగణంలో 2022లో సుజుకీ ఇన్నొవేషన్ సెంటర్ ఏర్పడింది. తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అంటే అందరూ ‘ఇఫ్లూ’ అని పిలిచే సంస్థ, జపనీస్‌ను డిగ్రీ స్థాయిలో బోధిస్తోంది.

ఈ సంబంధంలో కీలకమైన మనిషిని జపాన్ సాఫ్ట్‌వేర్ రంగంలో ‘బ్రిడ్జ్ ఎస్‌ఈ’ అంటారు. ఖాతాదారుడి మాటను, రాసి ఇచ్చిన అవసరాల పత్రాన్ని హైదరాబాద్ బృందానికి, బృందం ఇబ్బందులను ఖాతాదారుడికి చేరవేసే ఇంజనీరు అన్నమాట. జపాన్ గడియారం మన గడియారం కంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుంది గనుక, టోక్యోలో ఉదయం 9 గంటలకు పని మొదలయ్యేసరికి ఇక్కడ తెల్లవారుజామున 5.30 అవుతుంది, అక్కడ సాయంత్రం 6 గంటలకు, ఇల్లు చేరేముందు పంపిన అసంతృప్తి లేఖ ఇక్కడ మధ్యాహ్నం 2.30కి, భోజనం ముగించి కూర్చునే వేళకు అందుతుంది. దానికి హైదరాబాద్ సాయంత్రం 6 గంటలకు సమాధానం రాస్తే, టోక్యోలో రాత్రి 9.30 దాటుతుంది. ఒక చిన్న అపార్థాన్ని మాటలతో సర్దుకోవడానికి రెండు పక్షాలకూ కలిసివచ్చే పనిగంటలు తక్కువ. అందుకే మొదటి లేఖలోని చిరాకును మొదటిసారే సరిగ్గా చదవగలగడం ఇక్కడ ఉద్యోగ నైపుణ్యం.

జంటపదాల చుట్టరికం

జపనీస్‌లో చిరాకుకు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ‘ఇరఇర’. ‘ఇర’ అంటే పాత భాషలో ముల్లు. ముట్టుకుంటే మంట పుట్టించే ఒక మొక్కను ఇప్పటికీ ‘ఇరకుస’ అంటారు. ఒళ్లంతా ముళ్లు గుచ్చుకుంటున్నట్టు ఉండే స్థితి ఇరఇర. కడుపులో తిప్పుతున్నట్టు కోపం రావడం ‘ముకముక’, మూతి ముడుచుకుని అలగడం ‘పురిపురి’, పట్టలేని ఆగ్రహం ‘కన్‌కన్’, తనలో తాను గొణుక్కోవడం ‘బుత్సుబుత్సు’, కారణం తేలని అసంతృప్తి మబ్బులా కమ్ముకోవడం ‘మొయమొయ’. శబ్దంతోనే మనఃస్థితిని చూపే ఇటువంటి మాటలకు జపాన్ వ్యాకర్తలు ‘గిజోగొ’ అని పేరు పెట్టారు. భావాన్ని అనుకరించే పదమని దానర్థం.

ఇంగ్లీషులో ఈ తరహా మాటలు బాగా తక్కువ కాబట్టి ఇంగ్లీషు వివరణలున్న పుస్తకాలు వీటిని చివరి పేజీల పట్టికలోకి నెట్టేస్తాయి. తెలుగు పిల్లవాడికి మాత్రం వీటిని ఎవరూ వివరించనక్కర్లేదు. చిటపటలాడటం, రుసరుసలాడటం, బుసబుసలాడటం, కుతకుత ఉడికిపోవడం, గొణగొణ, సణసణ ఇవన్నీ అదే పద్ధతిలో పుట్టినవి. ఒక మాటను రెండుసార్లు పలికినప్పుడు రెండోదాన్ని తెలుగు వ్యాకరణం ‘ఆమ్రేడితం’ అంటుంది. ఆ ఆమ్రేడితమే రెండు భాషల్లోనూ కోపానికి శబ్దరూపం ఇచ్చింది. దీనివల్ల రెండు భాషలూ ఒకే తల్లి బిడ్డలని చెప్పలేం. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కూ బంధుత్వం చూపాలని దశాబ్దాలపాటు శ్రమించినా, భాషాశాస్త్రవేత్తల్లో అత్యధికులు దాన్ని అంగీకరించలేదు. బంధుత్వం లేకపోయినా పోలిక పోలికే, నేర్చుకునేవాడికి అది చాలు.

శరీరభాగాలతో కోపాన్ని చెప్పే తీరు కూడా ఇలాంటిదే. జపనీస్‌లో కోపం వచ్చిందనడానికి ‘హర గ తత్సు’ అంటారు, కడుపు లేచి నిలబడుతుందని దాని అక్షరార్థం. కడుపు మండిందని, కడుపు రగిలిందని అనే తెలుగువారికి ఇందులో వింత లేదు. తలకు ఎక్కేంత కోపం ‘అతమ ని కురు’. పాతబస్తీ నుంచి కొండాపూర్ దాకా ‘దిమాక్ ఖరాబైంది’ అనే హైదరాబాదీకి దీని బరువు వెంటనే తెలుస్తుంది. ‘ముకత్సుకు’ అనే క్రియ మొదట వికారానికి వాడుకలో ఉండి, తర్వాత యువత నోట కోపానికి స్థిరపడింది. తాడు పుటుక్కున తెగినట్టు ఒక్కసారిగా అదుపు తప్పడం ‘కిరెరు’. 1990లలో కౌమారదశ పిల్లల ఆగ్రహం గురించి జపాన్ పత్రికలు విస్తృతంగా రాసిన రోజుల్లో ఈ మాట దేశమంతా పాకింది. తప్పు తనదే అయి కూడా ఎదురు కోప్పడటానికి ‘గ్యకుగిరె’ అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. ఇటువంటివి స్నేహితుల మధ్య చెల్లుతాయి; కార్యాలయంలో, అందులోనూ ఖాతాదారుడి ఎదుట, చెల్లవు.

క్రియ తోకలో కోపం

జపనీస్ చిరాకు అసలు నివాసం పదకోశం కాదు, వ్యాకరణం. ఈ భాగాన్ని తెలుగువారు తెలుగులోనే ఆలోచించి నేర్చుకుంటే ఎంత తేలికో, ఇంగ్లీషులోకి మార్చి నేర్చుకుంటే అంత చిక్కు.

జపనీస్, తెలుగు రెండూ క్రియతో వాక్యాన్ని ముగించే భాషలు. క్రియ వెనుక మరొక క్రియను తగిలించి, జరిగిన పని మీద వక్త అభిప్రాయాన్ని చెప్పే సౌకర్యం రెండింటికీ ఉంది. ‘వచ్చాడు’ అన్నది వార్త. ‘వచ్చి చచ్చాడు’, ‘వచ్చి తగలడ్డాడు’, ‘ఏం చేసి ఏడ్చాడో’ అన్నప్పుడు చావుకీ ఏడుపుకీ సంబంధం లేదు; ఆ సహాయక్రియలు చెప్పేది వక్త విసుగును మాత్రమే. జపనీస్‌లో ‘యగరు’ అనే తోక సరిగ్గా ఈ పనే చేస్తుంది. ‘కిత’ అంటే వచ్చాడు, ‘కియగత్త’ అంటే వచ్చి చచ్చాడు. పాఠ్యపుస్తకాలు దీన్ని మోటు ప్రయోగమని పక్కన పెడతాయి గానీ, జపాన్ సినిమాలు, కామిక్ పుస్తకాలు చూసే విద్యార్థి దీన్ని రోజూ వింటూనే ఉంటాడు.

అలాగే ‘తె షిమఉ’ అనే మరో తోక ఉంది. పని పూర్తయిపోయిందని, అది తిరిగి రానిదని, దానివల్ల విచారమో విసుగో కలిగిందని ఇది సూచిస్తుంది. ‘కొవరెత’ అంటే పాడైంది; ‘కొవరెతె షిమత్త’ అంటే పాడైపోయింది, ఇంకా విసుగ్గా చెప్పాలంటే పాడై కూర్చుంది. తెలుగులోని ‘పోవు’, ‘కూర్చొను’ అనే సహాయక్రియలు తెలిసిన మనిషికి ఈ తేడా చెవికే తెలిసిపోతుంది. మేలు చేయడాన్ని సూచించే ‘తె కురెరు’ అనే తోకకు తెలుగులో ‘చేసిపెట్టు’ సమానం. ‘యొకుమొ యత్తె కురెత న’ అని ఒక జపనీయుడు పళ్లు బిగించి అంటే, ‘ఎంత పని చేసిపెట్టావు!’ అని తెలుగువాడు అన్నట్టే. ఉపకారాన్ని చెప్పే రూపమే నిష్ఠూరానికి పనికివస్తుంది. గౌరవవాచకాలకూ ఇదే గతి పట్టింది: ఒకప్పుడు ఉత్తరాల్లో గౌరవంగా రాసిన ‘కిసమ’ అనే సర్వనామం నేడు తిట్టుతో సమానం, తెలుగులో ‘తమరు’, ‘మహానుభావుడు’ అనే మాటలు ఏ సందర్భంలో ఏ స్వరంతో వస్తాయో గుర్తుచేసుకుంటే ఇది ఎలా జరిగిందో అర్థమవుతుంది.

ఇక తెలుగువారిని నిజంగా తికమకపెట్టేది ‘మేవకు నొ ఉకెమి’. ‘మేవకు’ అంటే ఇతరుల వల్ల కలిగే ఇబ్బంది, ‘ఉకెమి’ అంటే కర్మణి ప్రయోగం. ఒక సంఘటన వల్ల వక్తకు ఇబ్బంది కలిగితే, ఆ సంఘటన అకర్మక క్రియతో చెప్పేదైనా సరే, జపనీస్ దాన్ని కర్మణిలోకి మారుస్తుంది. ‘అమె ని ఫురరెత’ అనే వాక్యాన్ని ఇంగ్లీషు పుస్తకం చెప్పినట్టు తెలుగులోకి తెస్తే ‘వానచేత కురవబడ్డాను’ అనే అర్థం లేని మాట వస్తుంది. ‘వాన కొంప ముంచింది’ అని చదువుకుంటే చిక్కు వీడిపోతుంది. ‘కొదొమొ ని నకరెత’ అంటే పిల్లాడు ఏడ్చి ప్రాణం తీశాడని. ‘తొనరి నొ హితొ ని సవగరెత’ అంటే పక్కింటివాళ్ల గోలతో చచ్చామని.

ఐటీ కారిడార్‌లో ఈ ప్రయోగం వ్యాకరణ పాఠంతో ఆగిపోదు. మంచి జీతం దొరికితే ఏడాది తిరక్కుండానే సంస్థ మారడం ఇక్కడ మామూలు. ప్రాజెక్టు మధ్యలో ఇంజనీరు వెళ్లిపోయాడని తెలిసినప్పుడు జపాన్ మేనేజరు ‘మెన్బా ని యమెరరెత’ అంటాడు. పైకి చూస్తే అది ఒక సమాచారం, ‘సభ్యుడు రాజీనామా చేశాడు’ అని. ఆ కర్మణి రూపాన్ని పట్టుకున్నవారికి మాత్రం ‘మధ్యలో వదిలేసిపోయి మమ్మల్ని ముంచాడు’ అనే ఫిర్యాదు వినిపిస్తుంది. అటువంటి వాక్యానికి ‘అవును, కొత్త మనిషిని తీసుకుంటున్నాం’ అని సమాచారంతోనే బదులిస్తే, ఫిర్యాదు ఎవరికీ చేరనట్టు మిగిలిపోతుంది. ఇబ్బంది కలిగిందని ముందుగా ఒప్పుకున్న తర్వాతే మిగతా మాట.

‘కొంచెం కష్టమండీ’

కార్యాలయ భాషలో చిరాకు మెట్లు మెట్లుగా పెరుగుతుంది, మొదటి మెట్టు దాదాపు నిశ్శబ్దం. ‘చొత్తొ...’ అంటే ‘కొంచెం’ అని మాత్రమే అర్థం. దాని తర్వాత వాక్యం ఆగిపోయిందంటే కుదరదనే. ‘ముజుకషీ దెసు నె’ అంటే ‘కష్టమండీ’. ఈ మాట దగ్గర జరిగే అపార్థం ప్రసిద్ధమైనది. ఇంగ్లీషులో కష్టమన్న పని శ్రమపడితే సాధ్యమయ్యే పని, అందువల్ల ఐటీ శిక్షణ పొందిన ఇంజనీరు దాన్ని సవాలుగా తీసుకుని రెట్టింపు ఉత్సాహంతో పట్టుబడతాడు; ఎదుటివ్యక్తి కాదన్నాడని గ్రహించడు. అదే ఇంజనీరు సొంత ఊళ్లో ఎవరినైనా చేబదులు అడిగి ‘ఇప్పుడు కొంచెం కష్టమండీ’ అనిపించుకుంటే, రెండోసారి అడగకుండా తిరిగివస్తాడు. జపనీస్ వాక్యాన్ని తెలుగు చెవితో విని ఉంటే తప్పు జరిగేదే కాదు. ఇంగ్లీషును మధ్యలో నిలబెట్టడం వల్ల కలిగే నష్టానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

తర్వాతి మెట్టు ‘కొమరిమసు’. నిఘంటువులో దీనికి ‘ఇబ్బంది పడుతున్నాను’ అని ఉంటుంది. తెలుగులో ఇబ్బంది అనే మాటను తేలికగా వాడేస్తారు గనుక ఇక్కడ తెలుగు చెవి కూడా మోసపోయే ప్రమాదం ఉంది. వ్యాపార సంభాషణలో కొమరిమసు దాదాపు హెచ్చరిక, ‘ఇది ఇలా సాగడానికి వీల్లేదు’ అన్నంత గట్టిది. రెండు పక్షాల అవగాహనలో తేడా ఉందనే ‘నిన్షికి నొ సొగొ’ అన్న పదబంధం లేఖలో కనిపిస్తే, తప్పు మీదేనని మర్యాదగా చెబుతున్నారని చాలా సందర్భాల్లో అర్థం. ‘ఇకన్’ అంటే చింతించవలసిన విషయమని. ప్రభుత్వాలు నిరసన తెలిపేటప్పుడు వాడే బరువైన ఈ మాట ఒక ఈమెయిల్లోకి దిగిందంటే వ్యవహారం పై అధికారుల దాకా వెళ్లిందనుకోవాలి. వీటన్నిటితోపాటు గమనించవలసింది మర్యాద స్థాయి. నిన్నటిదాకా చనువుగా రాసిన మనిషి ఉన్నట్టుండి అత్యంత గౌరవరూపాల్లోకి మారితే అది గౌరవం పెరగడం కాదు, దూరం పెరగడం. అలిగిన భార్యాభర్తలు ‘అండీ’ల సంఖ్య పెంచే తెలుగు ఇళ్లలో ఈ సూత్రాన్ని వేరుగా బోధించనక్కర్లేదు.

రెండు చోట్ల మాత్రం తెలుగు అలవాటే అడ్డొస్తుంది. మొదటిది ‘ప్చ్’. జాలి, నిరాశ, సానుభూతి, ఒకటేమిటి, ఎన్నో భావాలకు తెలుగువారు నాలుకతోనో పెదవులతోనో చేసే ఈ శబ్దం మైకుల్లో స్పష్టంగా వినిపిస్తుంది. జపాన్‌లో నాలుక చప్పరించడాన్ని ‘షితఉచి’ అంటారు. అది ఎదుటివారి మీద విసుగును, తృణీకారాన్ని చూపే మొరటు చేష్ట. సర్వరు ఆగిపోయిందన్న వార్తకు హైదరాబాద్ నుంచి సానుభూతిగా వెలువడిన ‘ప్చ్’, టోక్యోలో అవమానంగా వినిపించే అవకాశం ఉంది.

రెండోది ‘ఎందుకు’ అనే ప్రశ్న. ఒక లోపం బయటపడినప్పుడు జపాన్ సంస్థలు క్షమాపణతో తృప్తిపడవు. అదే లోపం మళ్లీ జరగకుండా తీసుకునే చర్యల పత్రాన్ని, అంటే ‘సైహత్సు బోషి’ ప్రణాళికను అడుగుతాయి. దానికి ఆధారం ‘నజె నజె బున్సెకి’, ‘ఎందుకు ఎందుకు’ అని వరుసగా అడుగుతూ మూలకారణం దాకా వెళ్లే విశ్లేషణ. టయోటా కర్మాగారాల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని తైయిచి ఓనో 1978లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు. తెలుగులో ‘ఎందుకు చేశావు?’ అన్నది ప్రశ్న కంటే ఎక్కువగా మందలింపు. మూడో ‘ఎందుకు’ దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు మనసు నొచ్చుకుంటుంది, ఐదో దానికి వ్యక్తిగత నింద భరిస్తున్నట్టు మౌనం వహిస్తాడు; ఆ మౌనం అవతలివారికి దాపరికంలా కనిపిస్తుంది. అడిగేది పనితీరు గురించా, మనిషి గురించా అన్న తేడా ముందే తెలిసిన బృందాల్లో ఈ నొప్పి చాలావరకు తగ్గుతుంది. అయితే జపనీయులందరూ ఈ ప్రశ్నను నిర్వికారంగానే అడుగుతారని చెప్పడం కూడా సరికాదు. విసుగుతో అడిగే ‘నన్దె?’ అక్కడా మందలింపే.

వినిపించని సాయంత్రాలు

జపాన్ ఉద్యోగ జీవితంలో పైకి చెప్పే మాటను ‘తతెమయె’ అని, మనసులో ఉన్నదాన్ని ‘హొన్నె’ అని విడదీసి చూస్తారు. పగలు సమావేశంలో మొదటిది నడుస్తుంది. రెండోది సాయంత్రం సహోద్యోగులు కలిసి తాగి భోంచేసే ‘నొమికై’ అనే విందులో బయటికి వస్తుంది. పగలు ‘ఆలోచిస్తాం’ అన్న మనిషి రాత్రి ‘ఆ డిజైన్ నాకు ఏమాత్రం నచ్చలేదు’ అంటాడు. మాదాపూర్, రాయదుర్గం టీకొట్ల దగ్గర నిలబడి ‘సతాయిస్తున్నరు బై, పరేశాన్ అయితున్నది’ అని ఉద్యోగులు చెప్పుకునే సంభాషణకు కూడా ఇదే స్థానం. దూరం నుంచి పనిచేసే బృందానికి జరిగే అన్యాయం ఏమిటంటే, హైదరాబాద్‌కు టోక్యో పగలు మాత్రమే చేరుతుంది, టోక్యోకు హైదరాబాద్ టీకొట్టు చేరదు. రెండు వైపులా అసలు చిరాకు మాట్లాడే చోటు రెండో పక్షానికి అందుబాటులో లేదు. ఆర్నెల్లపాటు టోక్యోలోనో ఒసాకాలోనో పనిచేసి వచ్చిన ఇంజనీరు బృందానికి అంత విలువైనవాడు కావడానికి అతడి భాషాజ్ఞానం ఒక్కటే కారణం కాదు. ఆ సాయంత్రాల్లో అతడు కూర్చున్నాడు.

జపనీయుల ఓర్పుకు హద్దు లేదనుకోవడం కూడా పొరపాటు. సహనాన్ని సంచిగా ఊహించి, దాని తాడు తెగిందని చెప్పే నానుడి వారి భాషలో ఉంది. బుద్ధుడైనా మూడుసార్ల దాకానే ఊరుకుంటాడన్న సామెతా ఉంది. కోప్పడటానికి ‘ఒకొరు’ అని, మేలుకోరి మందలించడానికి ‘షికరు’ అని రెండు వేర్వేరు క్రియలున్న ఆ సమాజం, ఏది హద్దు దాటిన కోపమో తేల్చడానికి ఇప్పుడు చట్టాలను ఆశ్రయిస్తోంది. పై అధికారుల వేధింపును అరికట్టే బాధ్యతను యాజమాన్యాల మీద ఉంచుతూ 2019లో చట్టాన్ని సవరించారు; అది 2020 జూన్ నుంచి పెద్ద సంస్థలకు, 2022 ఏప్రిల్ నుంచి చిన్న సంస్థలకు వర్తించింది. ఖాతాదారులు సిబ్బంది మీద అరవడం, బెదిరించడం వంటివాటిని నిషేధించే టోక్యో నగర శాసనం 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ ఉద్యోగి కూడా తెలుసుకోవలసిన మార్పు ఇది. జపాన్ ఖాతాదారుడు ఏమన్నా పడి ఉండాలన్న భావన ఆ దేశంలోనే చెల్లుబాటు కోల్పోతోంది. అందువల్ల తన ఇబ్బందిని చెప్పుకోవడం తెలుగు ఇంజనీరుకు కూడా రావాలి. గడువు సాధ్యం కాదని తెలిసి కూడా ‘అయిపోతుంది సార్’ అని ఒప్పుకుని చివరి రోజున చేతులెత్తేయడం జపాన్ ఖాతాదారుడికి అన్నిటికంటే ఎక్కువ ఇరఇర కలిగించే పని. ముందుగానే ‘ఈ గడువుతో మాకు ముజుకషీ’ అని కారణంతో సహా చెప్పినవారిని వారు గౌరవిస్తారు.

జపనీస్ ప్రావీణ్యాన్ని కొలిచే జేఎల్‌పీటీ పరీక్ష 1984లో మొదలైంది. 2010 నుంచి ఐదు స్థాయుల్లో జరుగుతున్న ఈ పరీక్షలో మాట్లాడే విభాగం లేదు. పై స్థాయి ధ్రువపత్రం ఉన్నవారు కూడా ఒక్క ఫిర్యాదైనా నోటితో చేయకుండానే ఉద్యోగంలో చేరగలరు. కాబట్టి ఈ లోటును పరీక్షకు వదిలేయడం కుదరదు. ఇఫ్లూ ఆచార్యులు, జపాన్ బృందాలున్న సంస్థల శిక్షణ విభాగాలు, అనుభవజ్ఞులైన బ్రిడ్జ్ ఇంజనీర్లు కలిసి అసంతృప్తిని అర్థం చేసుకోవడం, వ్యక్తం చేయడం అనే అంశం మీద తెలుగు నుంచి నేరుగా జపనీస్‌కు దారి చూపే ఒక పాఠ్యగ్రంథం సిద్ధం చేయాలి. దానికి కావలసిన సామగ్రి తెలుగు ఇళ్లలో, హైదరాబాద్ వీధుల్లో రోజూ వినిపిస్తూనే ఉంది. జపనీస్ నేర్చుకుంటున్న యువతకు ఒక మనవి: కొత్త వాక్యం ఎదురైనప్పుడు దానికి ఇంగ్లీషు అర్థం వెతికే ముందు, ఇదే సందర్భంలో ఇంట్లో అమ్మ ఏమనేదో గుర్తుచేసుకోండి.